ఎస్సేలోకి రాని ఐదున్నర గంటలు

ఆఫీసులో ఆమెను అందరూ చుక్క అనే పిలుస్తారు. నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పద్నాలుగేళ్ళుగా సన్నటి గాజు గొట్టంలోంచి మందు చుక్కలు లెక్కపెట్టి వదలడం ఆమె పని. ఒకసారి ఎవరో ఫోన్ చేసి "మేడమ్ ఏం చేస్తున్నారు?" అని అడిగితే, పక్క టేబుల్ ఆయన "చుక్కలు లెక్కపెడుతున్నారు" అన్నాడు. ఆ పేరు నెమ్మదిగా ఇంటిదాకా నడిచొచ్చింది.

ముప్పై ఆరో ఏట చుక్కకి మళ్ళీ చదువుకోవాలనిపించింది. నీటి నాణ్యత మీద రెండేళ్ళ పీజీ కోర్సు ఒకటుంది. శని, ఆదివారాల్లోనే క్లాసులు. దరఖాస్తులో అన్నీ ఒక్క పూటలో నింపేసింది, ఒక్క పెట్టె తప్ప. "ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారు? ఎనిమిది వందల మాటలు మించకుండా రాయండి" అని ఉన్న ఆ పెట్టె దగ్గర మూడు వారాలు ఆగిపోయింది. నీళ్ళ గురించి రిపోర్టు రాయమంటే కళ్ళు మూసుకుని రాస్తుంది. తన గురించి రాయమనేసరికి చెయ్యి కదలలేదు.

"దీనికింత అవస్థ పడాలా? ఏఐకి చెప్తే రెండు నిమిషాల్లో రాసిపడేస్తాడు" అంది వదిన.

వదిన అంటే భర్తకు అక్క. పై అంతస్తులో ఉంటుంది, ట్రావెల్ ఆఫీసులో టికెట్లు చూస్తుంది. కస్టమర్లకు జవాబులు, మేనేజర్‌కు సెలవు చీటీలు, అపార్ట్‌మెంట్ వాళ్ళకు లిఫ్టు గురించి ఫిర్యాదులు, అన్నీ ఏఐ చేతే రాయిస్తుంది. దాన్ని 'వాడు' అంటుంది, సొంత మరిది గురించి చెప్పినట్టు.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ వంటింటి టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు. వదిన టైపు చేసింది. చుక్క ఉద్యోగం, అనుభవం, కోర్సు పేరు చెప్పింది. నిజంగానే రెండు నిమిషాల్లో ఎస్సే వచ్చింది.

"చిన్నప్పటి నుంచీ నీరు నన్ను ఆకర్షించింది. ప్రతి నీటి బొట్టు వెనుక ఒక కథ ఉంటుందని మా నాన్నమ్మ చెప్పేది" అని మొదలైంది.

చుక్క చదవడం ఆపింది. "మా నాన్నమ్మ ఎప్పుడు చెప్పింది వదినా? ఆవిడ నేను పుట్టకముందే పోయింది."

"ఎవరొచ్చి అడుగుతారు? బాగుంది కదా."

"బాగుందో లేదో తర్వాత. అబద్ధం కదా."

"సరే, తీసెయ్యమంటాలే" అని వదిన ఆ మాటే టైపు చేసింది. ఈసారి నాన్నమ్మ పోయి, చిన్నప్పుడు కలరా వచ్చిన స్నేహితురాలు వచ్చింది. అదీ తీసెయ్యమంటే, ఎండిపోయిన బావి పక్కన నిలబడి కన్నీళ్ళు పెట్టుకున్న ఐదేళ్ళ పాప వచ్చింది. చుక్క పెరిగింది నాలుగో అంతస్తులో. బావిని దగ్గర్నుంచి చూసిందే ఉద్యోగంలో చేరాక.

"నువ్వేమీ చెప్పకపోతే వాడు మాత్రం ఏం రాస్తాడు? నీ జీవితంలో నిజంగా జరిగిందేదో ఒకటి చెప్పు" అంది వదిన.

చుక్క చెప్పింది.

మూడేళ్ళ కిందటి సంగతి. తూర్పు వైపు ట్యాంకు నుంచి నీళ్ళు వచ్చే ఒక కుళాయి దగ్గర శాంపిల్ పట్టింది. ల్యాబ్‌లో ఆ నీళ్ళను ఊదారంగు ద్రవం ఉన్న ఐదు గాజు ట్యూబుల్లో కలిపి, వెచ్చటి పెట్టెలో ఒక రోజు ఉంచుతారు. ప్రతి ట్యూబులోనూ ఇంకో చిన్న ట్యూబు బోర్లించి ఉంటుంది. అందులో గాలి బుడగ చేరిందంటే నీళ్ళలో ఉండకూడని క్రిములు ఉన్నాయని అనుమానించాలి. మర్నాడు చూస్తే ఐదింటిలోనూ బుడగలే. వెంటనే పైకి చెప్పింది. పదకొండు వీధులకు నీళ్ళు ఆపేశారు. ఒకటిన్నర రోజు జనం బకెట్లతో ట్యాంకర్ల దగ్గర క్యూ కట్టారు. ఒక పెద్దావిడ తడి మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. తీరా చూస్తే ట్యాంకు నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఎవరో మొక్కలకు పెట్టుకున్న పాచిపట్టిన రబ్బరు గొట్టం ఆ కుళాయికి తగిలించి ఉంది. చుక్క దాన్ని తీయకుండానే శాంపిల్ పట్టింది.

"అదీ జరిగింది. తప్పు నాదే" అంది చుక్క.

వదిన ఆ మాటలన్నీ ఉన్నదున్నట్టు టైపు చేసింది. ఏఐ రాసింది: "ఒక క్లిష్ట సమయంలో నేను తీసుకున్న వేగవంతమైన నిర్ణయం పదకొండు వీధుల ప్రజల ఆరోగ్యాన్ని కాపాడింది. ఆ అనుభవం నాకు నాయకత్వం అంటే ఏమిటో నేర్పింది."

చుక్క తల పట్టుకుంది. "కాపాడలేదు వదినా. ఉత్త పుణ్యానికి నీళ్ళు ఆపించాను. అది చెప్పండి దానికి."

వదిన చెప్పింది. "ఈ వైఫల్యం నా విజయానికి తొలి మెట్టు అయింది" అని వచ్చింది. మెట్టు మాట వద్దంటే వంతెన వచ్చింది. వంతెన వద్దంటే విత్తనం. రబ్బరు గొట్టం మాత్రం ఎంత మొత్తుకున్నా నాలుగో పేరా కంటే ముందుకు రాలేదు. వచ్చిన చోట కూడా "అనుకోని సాంకేతిక అవరోధం" అని రాసింది.

సాయంత్రం ఐదయ్యేసరికి చుక్కకి ప్రాణం విసిగిపోయింది. అంతసేపూ చెప్పని సంగతి ఇంకొకటి నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది. వదినకే చెప్పలేని దాన్ని ఆ ఏఐకేం చెప్తుంది? "ఏదో ఒకటి పంపించెయ్యండి వదినా" అని లేచి గిన్నెలు తోముకోవడానికి వెళ్ళింది. వదిన తనకు నచ్చిన మొదటిదాన్నే పంపేసింది.

సిఫారసు లేఖ రాయాల్సింది చీఫ్ కెమిస్ట్. ల్యాబ్ మొత్తం ఆయన్ని పెద్దాయన అంటుంది. ఇంకో ఏడాదిలో రిటైర్ అవుతాడు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది కానీ కీబోర్డు ముందు కూర్చుంటే ఒక్కో అక్షరాన్నీ తప్పిపోయిన పిల్లాడిలా వెతుక్కుంటాడు. గడువు దగ్గరపడుతోందని చుక్క కంగారు పడుతుంటే, "ఆయన నంబరివ్వు, నేను గుర్తు చేస్తాలే" అంది వదిన. చుక్క ఇచ్చింది.

రెండు వారాల తర్వాత యూనివర్సిటీ నుంచి ఇమెయిల్ వచ్చింది. చుక్క వెచ్చటి పెట్టె ముందు నిలబడి ఫోన్‌లో చదువుకుంది. "మీ వ్యాసంలోనూ, మీ పైఅధికారి పంపిన సిఫారసు లేఖలోనూ మూడు వాక్యాలు అక్షరం తేడా లేకుండా ఒకటిగా ఉన్నాయి. పది రోజుల్లోగా వివరణ ఇవ్వగలరు." కింద ఆ మూడు వాక్యాలూ ఇచ్చారు. మొదటిదే, ప్రతి నీటి బొట్టు వెనుక ఒక కథ ఉంటుందని.

చుక్క ఫోన్ పట్టుకుని నేరుగా పెద్దాయన గదిలోకి వెళ్ళింది.

"సార్, నా లెటర్ మీరే రాశారా?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ ఆడబిడ్డ పంపిందమ్మాయ్. మీకెందుకు సార్ శ్రమ, తయారుగా ఉంది, అప్‌లోడ్ చేస్తే చాలు అంది. చేశాను."

"చదివారా?"

"మొదటి పేరా చదివాను. బాగుంది. నీ గురించే కదా అనుకున్నాను." ఆయన ఇమెయిల్ రెండుసార్లు చదివాడు. "ఈ బొట్టు ఏంటి, కథ ఏంటి? నేనెప్పుడైనా ఇలా మాట్లాడానా?"

"నేను మాత్రం మాట్లాడానా సార్?"

ఇద్దరూ పద్నాలుగేళ్ళలో ఒకే టేబుల్ మీద కొన్ని వేల రిపోర్టులకు సంతకాలు పెట్టారు. పూర్తిగా చదవకుండా పెట్టిన సంతకం ఇదొక్కటే.

ఇంటికొచ్చి చెప్తే వదిన ముందు కంగారుపడింది, తర్వాత తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "దానికేముంది, వివరణ కూడా వాడి చేతే రాయిద్దాం" అని చుక్క వద్దనేలోపే రాయించేసింది. "మీ ఆందోళనను నేను పూర్తిగా అర్థం చేసుకోగలను. నిజాయితీ నా జీవితానికి మూలస్తంభం" అని మొదలుపెట్టింది ఏఐ.

చుక్కకి ఒళ్ళు మండింది. అయినా గొంతు పెంచలేదు. ల్యాప్‌టాప్ మూత మూసి, దాని మీద అరచెయ్యి పెట్టింది.

"వదినా, మీరు నాకు సాయం చేద్దామనే చేశారు. నాకు తెలుసు. కానీ ఇక వద్దు. నిజాయితీ గురించి కూడా అదే రాస్తే, ఇక నేనెందుకు?"

"నేనేం తప్పు చేశానే? అందరూ చేసేదే కదా."

"తప్పు మీది కాదు. చదవకుండా పంపించమన్నది నేను."

వదిన ముఖం చిన్నబుచ్చుకుని పైకి వెళ్ళిపోయింది. వారం రోజులు మెట్ల మీద ఎదురుపడినా పొడి పొడిగానే మాట్లాడింది.

మర్నాడు పొద్దున చుక్క యూనివర్సిటీకి ఫోన్ చేసింది. మూడు చోట్లకు తిప్పాక, ప్రవేశాల విభాగంలో ఒకావిడ ఎత్తింది. చుక్క ఏమీ దాచకుండా జరిగింది చెప్పింది. అవతల గట్టి నిట్టూర్పు వినిపించింది.

"ఈ ఏడాది ఇలాంటివి మీది పదిహేడోదండి" అందావిడ. "బొట్టు వెనక కథలు, చుక్కలో సముద్రాలు చదివి చదివి మా వాళ్ళకి దాహం కూడా చచ్చిపోయింది. రెండు దారులున్నాయి. దరఖాస్తు వెనక్కి తీసుకోండి. లేదంటే వచ్చే గురువారం పదింటికి రండి. గంటన్నర టైమిస్తాం, కాగితం మీద మీ చేత్తో రాయాలి. ఫోన్ బయట పెట్టాలి. మీ సార్‌ని కొత్త లెటర్ పంపమనండి."

"వస్తానండి" అంది చుక్క.

గురువారం ఆమెను కూర్చోబెట్టిన గది ఎత్తుగా, చల్లగా ఉంది. గోడకు తెల్లబోర్డు, దాని మీద ఎవరో సగం తుడిచిన గ్రాఫు. ముందు వరుసలో పొట్టి జుట్టు ప్రొఫెసర్ ఒకావిడ ఏవో పేపర్లు దిద్దుకుంటోంది. చుక్క పెన్ను మూత తీసి రాయడం మొదలుపెట్టింది. రెండు వాక్యాలయ్యాక వెనక్కి చదువుకుని నిర్ఘాంతపోయింది. "చిన్నప్పటి నుంచీ నీరు నన్ను" అని రాసి ఉంది, తన సొంత చేతిరాతలో. ఆ ఆదివారమంతా చదివీ చదివీ ఆ మాటలు బుర్రలో పాతుకుపోయాయి. పళ్ళు కొరుకుతూ అడ్డంగా కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి "నా ప్రయాణం" అని వచ్చింది. ఏ ప్రయాణం? ఇంటి నుంచి ల్యాబుకి మూడు స్టాపులు. ఆ కాగితం మడిచి పక్కన పెట్టింది. అప్పటికే పాతిక నిమిషాలు పోయాయి.

అప్పుడు ఆమెకు ఎస్సే రాయాలన్న ఆలోచనే విసుగెత్తిపోయింది. కాగితం పైన ఎడమవైపు తేదీ వేసింది, ల్యాబ్ రిజిస్టర్లో వేసినట్టు. దాని కింద శాంపిల్ తీసిన చోటు రాసింది. ఎన్ని ట్యూబులు, ఏ టైముకి ఏం కనిపించింది. అక్కణ్ణుంచి పెన్ను ఆగలేదు.

రబ్బరు గొట్టం గురించి రాసింది. మణికట్టు విరిగిన పెద్దావిడ గురించి రాసింది. తర్వాత, ఆదివారం వంటింట్లో నాలుక చివర ఆగిపోయిన రెండో సంగతి రాసింది.

గొట్టం గొడవ జరిగిన ఏడాదికి, ఇంకో కుళాయి శాంపిల్. పొద్దున పది నలభైకి ఐదు ట్యూబుల్లో ఒకదానిలో బుడగ కనిపించింది. నియమం ప్రకారం ఒక్కటి కనిపించినా చెప్పాలి. చుక్క చెప్పలేదు. మళ్ళీ నవ్వులపాలవుతానని భయపడింది. మళ్ళీ ఎవరో మెట్ల మీద జారిపడతారని భయపడింది. ఇంకాస్త చూద్దాం అనుకుని ట్యూబుల్ని మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. పన్నెండున్నరకి రెండింటిలో వచ్చింది. మూడు గంటలకి నాలుగు ట్యూబుల్లో. నాలుగూ పదికి ఫోన్ ఎత్తి పైకి చెప్పింది. ఈసారి గొట్టం లేదు, పొరపాటు లేదు. నేల కింద పైపు పగిలి మురుగు కలిసింది. ఆ ఐదున్నర గంటల్లో ఆ నీళ్ళు ఒక పిల్లల సంరక్షణ కేంద్రానికి పోయాయి. పన్నెండు మంది పిల్లలకు వాంతులయ్యాయి. ముగ్గురికి సెలైన్ ఎక్కించారు. నాలుగు రోజుల్లో అందరూ ఇళ్ళకు వెళ్ళారు. పైపు బాగు చేశారు. చుక్కను ఎవరూ ఏమీ అడగలేదు.

చివర ఇలా రాసింది: "ఒకసారి చెప్పకూడనప్పుడు చెప్పాను. ఇంకోసారి చెప్పాల్సినప్పుడు ఆగాను. రెండుసార్లూ నా చేతిలో ఉన్నవి అవే ట్యూబులు. ఎన్ని చోట్ల, ఎన్నిసార్లు, ఎలా శాంపిల్ తీస్తే ఒక బుడగను నమ్మొచ్చో, ఎంత నమ్మొచ్చో నాకు తెలియదు. మా ల్యాబ్‌లో చెప్పేవాళ్ళు లేరు. అది నేర్చుకోవడానికి ఈ కోర్సులో చేరాలనుకుంటున్నాను."

ఎనిమిది వందల మాటల దాకా రాయొచ్చంటే నాలుగు వందల చిల్లర వచ్చాయి. పెంచడానికి ఏమీ మిగల్లేదు.

ప్రొఫెసర్ కాగితాలు తీసుకుని అక్కడే నిలబడి చదివింది. చదవడం అయ్యాక కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఈ రెండోది మీ ఆఫీసులో తెలుసా?"

"రిజిస్టర్లో రెండు టైములూ ఉన్నాయండి. పది నలభై, నాలుగూ పది. దిద్దలేదు. ఎవరూ చూసి అడగలేదు."

"దిద్దాలనిపించలేదా?"

"అనిపించింది. పెన్ను కూడా తీశాను."

ప్రొఫెసర్ తలూపింది. "రేపు మళ్ళీ ఒక్క ట్యూబులో బుడగ వస్తే ఏం చేస్తారు?"

"వెంటనే చెప్తానండి. కానీ అది భయంతో చెప్పడం. లెక్క తెలిసి చెప్పడం కాదు."

"సీటు సంగతి నేనొక్కదాన్నీ చెప్పలేను" అంది ప్రొఫెసర్ లేస్తూ. "ఒకటి మాత్రం చెప్తా. ఇక్కడ రాయగలిగారు కాబట్టి, అక్కడ కూడా చెప్పండి. అది మా కోసం కాదు."

చుక్కకి ఆ మాట ముల్లులా దిగింది. ఎస్సే కోసం వస్తే ఇదెక్కడి తలనొప్పి అనుకుంటూ బస్సెక్కింది. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడో రోజు భర్తకు చెప్పింది. అతను "ఇన్నాళ్ళూ ఇది మోస్తున్నావా?" అన్నాడు. సోమవారం ఆమె ఒక పేజీ రాసుకుని పెద్దాయన టేబుల్ మీద పెట్టింది.

ఆయన చదివి, చిరాగ్గా కళ్ళజోడు టేబుల్ మీద పడేశాడు. "ఏడాది ఆగితే నేను రిటైర్ అయిపోయేవాణ్ణి కదమ్మాయ్. ఆ రిజిస్టర్ పేజీ కింద సంతకం ఎవరిదనుకున్నావు? నేను ఆ రోజే చూశాను. రెండు టైములూ చూశాను."

"మరి అడగలేదేం సార్?"

"అడిగితే నువ్వు చెప్తావు. చెప్తే నేను పైకి రాయాలి. రాస్తే ల్యాబ్‌లో ఉన్న ఒక్క పనిమంతురాలు పోతుంది. అందుకని నోరు మూసుకున్నాను. గొప్ప పనేం కాదులే." ఆయన సొరుగులోంచి తెల్ల కాగితం తీశాడు. "పైకి పంపిస్తాను. నీతో పాటు నా పేరూ పంపిస్తాను. నీ లెటర్ కూడా ఇప్పుడే రాస్తాను. కూర్చో, కానీ చూడకు."

ఆ లేఖలో ఏముందో చుక్కకి చాలా రోజుల తర్వాత తెలిసింది. మొత్తం ఆరు వాక్యాలు. అందులో ఒకటి, ఈమె తనకు నష్టం చేసే టైమును రిజిస్టర్లో ఉన్నదున్నట్టు రాసింది, దాన్ని చూసి కూడా నేను మాట్లాడలేదు, అని.

నెల తిరిగేసరికి విభాగం నుంచి ఇద్దరికీ మెమోలు వచ్చాయి. పెద్దాయనకు మందలింపు. చుక్కకి మందలింపుతో పాటు ఆరు నెలలు శాంపిళ్ళు తీయకూడదని, రికార్డుల గదిలో పని చేయాలని ఉత్తర్వు. పాత ఫైళ్ళ దుమ్ముకి రోజంతా తుమ్ములు. ఆ పిల్లల కేంద్రం నడిపే ఆవిడకు విభాగం ఉత్తరం రాసింది. ఆవిడ ఒక రోజు రికార్డుల గదికే వచ్చి, చుక్కను పది నిమిషాలు నిలబెట్టి కడిగేసింది. చుక్క ఒక్క మాట అడ్డు చెప్పలేదు. వెళ్ళేటప్పుడు ఆవిడ గుమ్మంలో ఆగి, "ఇంకోసారి ఇలా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలో నంబరివ్వండి" అంది. చుక్క ల్యాబ్ నంబరుతో పాటు తన నంబరు కూడా రాసిచ్చింది.

యూనివర్సిటీ మొదటి జాబితాలో చుక్క పేరు లేదు. ఆ రోజు వదిన కిందకి వచ్చి పక్కన కూర్చుంది. మూడు వారాలకు రెండో జాబితా వచ్చింది. చివరి నుంచి రెండో పేరు తనది. కింద ఒక షరతు: అభ్యర్థి ముందుగా స్టాటిస్టిక్స్‌లో ఒక సెమిస్టర్ పాసవ్వాలి.

ఇంటర్‌లో లెక్కలు వదిలేసి పద్దెనిమిదేళ్ళయింది. క్లాసులో అందరూ ఆమె వయసులో సగం వాళ్ళు. మాస్టారు బోర్డు మీద సగం రాసి మిగతా సగం "మీకు తెలిసిందే" అని తుడిచేసేవాడు. చుక్క ప్రతిసారీ చెయ్యెత్తి, తెలియదనేది. మూడో వారానికి ఆమె చెయ్యెత్తకముందే ఆయన ఆగి చూడడం మొదలుపెట్టాడు.

మొదటి పరీక్షలో యాభైకి ఇరవై మూడు వచ్చాయి. పాసవడానికి రెండు మార్కులు తక్కువ. ఆమె పేపరు తీసుకుని బయట మెట్ల మీద కూర్చుని, తప్పు పోయిన లెక్కల్ని మొదటి దాని నుంచి ఒక్కొక్కటిగా మళ్ళీ చేయడం మొదలుపెట్టింది.